తూకం గది

ఆర్డెన్ అడవుల్లో జూన్ అన్నా వానే.
రేసు ముగిశాక కార్లు ఒక్కొక్కటే
ఆవిర్లు కక్కుతూ నా గదిలోకి వస్తాయి,
సంతకు తోలుకొచ్చిన గొడ్లలా.
పంతొమ్మిదేళ్లుగా వాటిని తూస్తున్నాను.
కోటు జేబులో పట్టకారు, ఇనుప తీగ, గుప్పెడు సీసపు బిళ్లలు.
విప్పకూడనిదానికి ముద్ర వేయడం నా ఉద్యోగం.

ఆ ఆదివారం మొదట దెలోబ్ కారొచ్చింది.
ఫిర్మిన్ దెలోబ్, ప్లంబరు. నడిపేది కూతురు ఒరియాన్.
మెకానిక్కులిద్దరు: అల్లుడొకడు, అల్లుడి తమ్ముడొకడు.
తూకం మీద ఎర్ర అంకెలు తచ్చాడి తచ్చాడి నిలిచాయి.
రెండు వందల గ్రాములు తక్కువ.
ఒక పెద్ద ఉల్లిపాయంత.
"టైర్లు బాగా అరిగాయి మేడమ్" అన్నాడతను,
టోపీ తీసి, దాన్నే చూస్తూ.
అరుగుదల మీద జాలిపడే వాక్యం పుస్తకంలో లేదు.
అనర్హత అని రాశాను.
నాలుగు నిమిషాలు పట్టింది, సంతకంతో కలిపి.

తర్వాత నీలం గుడారం వాళ్ల కారు.
బరువు సరిగ్గా సరిపోయింది,
మరీ సరిగ్గా.
ఎందుకో పెట్రోలు టాంకు ఊడదీయించాను.
లోపల ఇంకో టాంకు,
మూడు లీటర్ల కవల పిండం.
ఫోటో తీశాను. చేయి వణకలేదు.

అప్పుడొచ్చాయి ఆ బూట్లు.
అంత వానలో
తడవని బూట్లు.
లక్సెంబర్గ్ లాయరు దాన్ని టాంకు అనలేదు,
"ఇంధన స్థిరీకరణ కోశం" అన్నాడు, బిడ్డకు పేరు పెట్టినట్టు.
"నిబంధన టాంకు అంటోంది. ఏకవచనం.
టాంకులో టాంకు ఉండరాదని ఎక్కడుంది?"
ఏకవచనం మీద పదకొండు వారాలు నడిచింది వాదన.
వ్యాకరణం ఇంత ఖరీదని
బళ్లో నాకెవరూ చెప్పలేదు.

లంచమా? ఒక్క యూరో ఇవ్వలేదు. అదీ రాసుకోవాలి.
వాళ్ల పేరు ముందే నా రెయిన్‌కోటు వీపు మీదుంది,
కప్పు మీద, గంట మీద, తూకం యంత్రం అంచు మీద కూడా.
మా పైఅధికారి వాన్ హౌట్ కాఫీ పోస్తూ అన్నాడు:
"మనం గెలిస్తే వాళ్లు పోతారు.
వాళ్లు పోతే సీజనే ఉండదు.
అప్పుడు నీ యంత్రం దేన్ని తూస్తుంది, గాలినా?"
చెడ్డవాడు కాదు.
చక్కెర ఎన్ని చెంచాలని అడిగాడు.

నవంబరులో రెండు వాక్యాలొచ్చాయి:
ఇరుపక్షాలు అవగాహనకు వచ్చాయి.
వివరాలు గోప్యం.
కొత్త ఏడాది పుస్తకంలో ఆ నిబంధన వెతికాను.
"టాంకు లేదా టాంకులు."
ఒక్క "లు" తగిలించుకుని
దొంగతనం దర్జాగా చట్టంలో కూర్చుంది.

జనవరి చలికి వంటింటి గొట్టం పగిలింది.
ఫోన్ చేస్తే వచ్చింది దెలోబే.
సింకు కింద వెల్లకిలా పడుకున్న మనిషికి
క్షమాపణ చెప్పడం తేలిక, ముఖం కనబడదు కదా.
చెప్పాను.
కింద నుంచి నవ్వు వినిపించింది.
"టైర్లు కాదు మేడమ్. సీటు వెనక నీళ్ల సీసా.
పరుగంతా ఖాళీ, మీ గదికి వచ్చే ముందు నిండు.
ఆరోజు గొట్టం లీకయింది.
ప్లంబర్ని! నా కారే కారింది!"
రెంచి తిప్పుతూ కాసేపు ఆగాడు.
"మాదీ దొంగతనమే.
దానికింకో పేరు కొనే స్తోమత లేదంతే."

చేతులు తుడుచుకుని లెక్క చెప్పాడు.
"ఎనభై అయిదు.
రసీదు కావాలంటే పైన ఇరవై ఒకటో వంతు... కాదు,
నూటికి ఇరవై ఒకటి, పన్ను."

పట్టకారు ఉన్న జేబులోంచే
డబ్బు తీశాను.
కొళాయి కారడం ఆగిపోయింది.
వంటిల్లు నిశ్శబ్దంగా ఉంది.
రసీదు
వద్దన్నాను.